అంచు లేని పటం: ‘కిక్ యాస్’ చూసినవాళ్లు రెండుగా ఎందుకు చీలిపోతారు

పదకొండేళ్ల పిల్ల. ఒంటి మీద బుల్లెట్‌ప్రూఫ్ చొక్కా. ఎదురుగా కొన్ని అడుగుల దూరంలో తండ్రి, చేతిలో పిస్టల్. బాగా నొప్పి పుడుతుందా నాన్నా అని పిల్ల అడుగుతుంది. తూటా దెబ్బ ఎట్లుంటుందో ఇప్పుడే తెలిస్తే రేపు భయం ఉండదని తండ్రి నచ్చజెప్పి కాలుస్తాడు. పిల్ల ఎగిరి వెల్లకిలా పడుతుంది, మళ్లీ లేస్తుంది. ఇంకో రెండుసార్లు కాల్పించుకోవాలంటే తర్వాత బౌలింగ్ ఆటకు తీసుకెళ్లాలి, ఐస్‌క్రీమ్ కొనియ్యాలి అని బేరం పెడుతుంది.

2010లో వచ్చిన ‘కిక్ యాస్’ సినిమాలో ఈ సన్నివేశం కొద్ది నిమిషాలే ఉంటుంది. చూసేవాళ్లు మాత్రం ఇక్కడే విడిపోతారు. హన్మకొండలో ఏదో ఒక హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ చుట్టూ నలుగురు కూర్చుని ఈ సినిమా పెట్టుకున్నారనుకోండి. ఇద్దరు పడీపడీ నవ్వుతారు. ఒకరు “చిన్నపిల్లతోని గిట్ల చేయిస్తరా” అని మొహం తిప్పుకుంటారు. నాలుగోవాళ్లు నవ్వాలో వద్దో తేల్చుకోలేక పక్కవాళ్ల మొహాలు చూస్తారు. సినిమా అయిపోయాక వాదన మొదలైతే నచ్చనివాళ్లకు పాతకాలం మనుషులని పేరు పడుతుంది, నచ్చినవాళ్లకు మనసు లేదని పేరు పడుతుంది. రెండూ తొందరపాటు మాటలే. ఒకే తెర ముందు కూర్చున్నా వాళ్లు చూసింది వేర్వేరు బొమ్మలు. అవి ఎక్కడ వేరయ్యాయో చూడాలి.

ముందు సినిమా సంగతి. మార్క్ మిల్లర్ రాసి, జాన్ రొమిటా జూనియర్ బొమ్మలు వేసిన కామిక్ 2008లో మొదలైంది. ఏ శక్తులూ లేని ఒక మామూలు హైస్కూల్ కుర్రాడు సూపర్‌హీరో వేషం కట్టి వీధిలోకి వస్తే ఏమవుతుందన్నది కథ. మొదటిసారే కత్తిపోటు తిని, కారు గుద్ది, ఆసుపత్రి పాలవుతాడు. నిజంగా పోరాడగలిగేది వాడు కాదు, ‘హిట్ గర్ల్’ అనే చిన్నపిల్ల, ఆమె తండ్రి ‘బిగ్ డాడీ’. కామిక్ ఇంకా పూర్తిగా రాకముందే సినిమా పని మొదలైంది. దర్శకుడు మాథ్యూ వాన్ దగ్గరికి పెద్ద స్టూడియోల అభ్యంతరాలు వచ్చాయి. పిల్ల వయసు పెంచమన్న సలహా కూడా అందులో ఉంది. ఆయన వినలేదు. డబ్బు బయట సమకూర్చుకుని తీశాడు. ఈ ఒక్క సంగతి చాలు, పిల్ల వయసే ఈ సినిమాకు ఆయువుపట్టు అని తీసినవాళ్లకూ మొదటినుంచీ తెలుసని చెప్పడానికి.

మన దగ్గర చీలిక సినిమా మొదలు కాకముందే మొదలవుతుంది, ‘కామిక్’ అనే మాట దగ్గర. బొమ్మలున్న కథ అంటే పిల్లల కథ అని మనకొక అలవాటు. ఇంట్లో చిన్నవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ముసుగు హీరోల సినిమా పెట్టే తల్లిదండ్రులు ఆ అలవాటుతోనే పెడతారు. పోస్టర్ మీద రంగురంగుల వేషాలు ఉంటాయి, ఊదారంగు విగ్గుతో ఒక చిన్నపిల్ల ఉంటుంది, ఇంకేం అనుమానం వస్తుంది? పావుగంట గడిచేసరికి రిమోట్ కోసం వెతుకులాట. ఇది సినిమా మీద కోపం కన్నా మోసపోయామన్న కోపం. దాన్ని విమర్శతో కలిపి లెక్కేస్తే అసలు విషయం చెడుతుంది.

అయితే బొమ్మల కథల్లో భయంకరమైనవి ఉండకూడదన్న పట్టింపు మన పెద్దలకు ఎన్నడూ లేదు. 1947లో మొదలైన చందమామ చదివి పెరిగిన తరాలు నెలనెలా చూసిన బొమ్మ ఏది? నడిరాత్రి శ్మశానంలో ఒక రాజు, చేతిలో కత్తి, భుజాన శవం. పదేళ్ల పిల్లలు ఆ పేజీ ముందుగా తెరిచేవాళ్లు. ఏ తల్లీ ఆ పుస్తకాన్ని గుంజుకోలేదు. శవం భయపెట్టలేదంటే కారణం దాని చుట్టూ ఉన్న ఏర్పాటు. బేతాళుడు కథ చెబుతాడు, ప్రశ్న అడుగుతాడు, రాజు జవాబిస్తాడు, శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ప్రతి నెలా అదే వరుస. పిల్లలకు ఆ వరుస తెలుసు.

ఆ ఏర్పాటు ఎట్లా పనిచేస్తుందో ఇంకా దగ్గరగా చూడాలంటే చేర్యాల పటం చూడాలి. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్నా 2016 వరకు వరంగల్ జిల్లాదే. అక్కడి నకాశీ కుటుంబాలు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి, ఆరబెట్టి, దాని మీద కులపురాణాలు గీస్తారు. పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు ఆ పటం పట్టుకుని ఊరూరా తిరిగి కథ చెబుతారు. రాత్రి దీపం వెలుగులో పటం కొంచెం కొంచెంగా విప్పుతూ, కర్రతో ఒక్కొక్క బొమ్మనే చూపిస్తూ పోతారు. పైన ముందుగా వినాయకుడు, సరస్వతి. కింద వరుసలు వరుసలుగా కథ. వెనుక అంతా మండే ఎరుపు. ప్రతి వరుసకూ మధ్య ఒక అంచు, పువ్వులూ ఆకులూ గీసిన సన్నటి పట్టీ.

ఆ అంచు అలంకారం కోసమే అనిపిస్తుంది. నిజానికి కథ చెప్పేవాడికి అదే ఊపిరి. పద్మశాలీల పటంలో భావనా ఋషి రాక్షసుడితో తలపడే వరుస అయిపోగానే కర్ర ఆ అంచు మీద ఆగుతుంది. వంతపాట వస్తుంది, ఎవరో చుట్ట వెలిగిస్తారు, ఒళ్లో పిల్ల కళ్లు నులుముకుంటుంది. వరంగల్ కొత్తవాడలో మగ్గం నేసే మనిషికి అది పరాయి రాక్షసుడి చావు కాదు, తన కులమూలపురుషుడి గెలుపు. చూసేవాడు ఎవరి పక్షాన ఉండాలో, ఎప్పుడు భయపడాలో, ఎప్పుడు ఊపిరి పీల్చుకోవాలో పటమే చెబుతుంది. కామిక్ పుస్తకంలో గడికీ గడికీ మధ్య వదిలే తెల్ల సందు చేసేది కూడా దాదాపు ఇదే పని. మొదటి గడిలో కత్తి పైకి లేస్తుంది, రెండో గడిలో మనిషి పడి ఉంటాడు. మధ్యలో దిగిన కత్తిని చదివేవాడే తన తలలో గీసుకుంటాడు, తనకు తట్టుకోగలిగినంత మేరకు.

కాబట్టి “మన సంస్కృతిలో ఇంత ఘోరం లేదు” అని ఈ సినిమాను తోసిపుచ్చడం నిలబడదు. పాలకుర్తివాడని చెప్పుకునే పాల్కురికి సోమన బసవపురాణంలో సిరియాలుడి కథ ఉంది. జంగముడి వేషంలో వచ్చిన శివుడు నరమాంసం అడిగితే తల్లీ తండ్రీ కలిసి కన్నకొడుకును చంపి వండుతారు. ఏ ఇంగ్లీషు కామిక్ దీనికి దగ్గరగా వస్తుంది? మేడారం జాతరకు పోయే లక్షలమంది స్నానం చేసే జంపన్నవాగు నీళ్లు కాకతీయ సైన్యంతో పోరాడిన జంపన్న నెత్తురుతో ఎర్రబడ్డాయని అక్కడి నమ్మకం. ఇక పిల్లల చేతిలో ఆయుధమా? లవకుశులు శ్రీరాముడి సైన్యాన్నే మట్టి కరిపించారు. 1963 నాటి ‘లవకుశ’ సినిమాకు ఎడ్లబండ్లు కట్టుకుని, పిల్లాజెల్లాతో పోయి చూశామని పెద్దలు ఇప్పటికీ చెబుతారు.

లవకుశుల యుద్ధంలో బాణాలు ఆకాశంలో కలుసుకుని మెరుస్తాయి, ఎవరి పేగులూ బయట పడవు. అంతకన్నా ముఖ్యం, ఆ పిల్లల వెనక సీతమ్మ ఉంది. సంగతి తెలిసి గుండె పగిలే తల్లి ఉంది. చూసేవాళ్లకు ఆ తల్లి కళ్లే కళ్లు. సిరియాలుడి కథలో పిలిస్తే కొడుకు తిరిగి వస్తాడు. అయినా ఆ కథ అందరికీ మింగుడుపడలేదన్న గుర్తు ఆ పురాణంలోనే ఉంది. నరమాంసం అడిగాడని శివుణ్ణే తప్పుపట్టే హలాయుధుడనే భక్తుడి కథ కూడా సోమన అందులోనే చెప్పాడు. హింస ఉన్న కథ దగ్గర జనం రెండుగా చీలడం ఎనిమిది వందల ఏళ్ల కిందట ఈ ప్రాంతపు కవికి తెలిసిన విషయమే.

‘కిక్ యాస్’లో ఆ అంచు తీసేసినచోటు ఒకటి కచ్చితంగా చూపించవచ్చు. డ్రగ్స్ అమ్మేవాళ్ల అపార్ట్‌మెంట్‌లో హీరో కుర్రాడు చావు అంచున ఉంటాడు. అప్పుడు ఒకడి గుండెల్లోంచి కత్తిమొన బయటికి వస్తుంది. వాడు పడిపోతే వెనక ఊదారంగు విగ్గు. ఆ పిల్ల నోటినుంచి వచ్చే మొదటి మాట ఏ ఇంట్లోనూ పిల్లలు అనకూడని బూతు. వెంటనే పాట అందుకుంటుంది. లాలలా అంటూ సాగే, అమెరికాలో చిన్నపిల్లల టీవీ కార్యక్రమానికి వాడిన హుషారైన పాట. ఆ పాటకు తగ్గట్టు కాళ్లు తెగుతాయి, గొంతులు తెగుతాయి. ఆగే చోటు లేదు. పక్కన సీతమ్మ లేదు.

ఆ పాట తెలిసినవాళ్లకు అది వెక్కిరింత. ఇన్నాళ్లూ సూపర్‌హీరో సినిమాల్లో నెత్తురు చుక్క కనపడకుండా వందలమంది చచ్చిపోయారు కదా, ఆ దెబ్బలు నిజంగా తగిలితే ఇట్లా ఉంటుంది చూడండి అని సినిమా అంటున్నట్టు వాళ్లకు వినిపిస్తుంది. అలాంటి సినిమాలు యాభై చూసినవాడికి ఈ వెక్కిరింత ఎక్కడ తగలాలో అక్కడ తగులుతుంది, నవ్వొస్తుంది. ఆ నవ్వులో క్రూరత్వం లేదు. తను చిన్నప్పటినుంచీ ఇష్టంగా చూసిన వాటిలోని అబద్ధాన్ని ఎవరో బయటపెట్టినందుకు వచ్చిన నవ్వు అది. ఆ యాభై సినిమాలు చూడనివాడికి పాట వట్టి పాట, పిల్ల వట్టి పిల్ల. వాడి కళ్లకు కనిపించేది పదకొండేళ్ల బిడ్డ మనుషుల్ని నరకడం, దానికి హుషారు పాట. వాడికి నవ్వు ఎట్లా వస్తుంది? హాస్టల్ గదిలో మొహం తిప్పుకున్న మనిషి తక్కువ తెలివైనవాడేమీ కాదు. నవ్వినవాళ్ల చేతిలో ఉన్న అంచు వాడి చేతిలో లేదు, అంతే.

కామిక్ చదివినవాళ్లది ఇంకో గొడవ. వాళ్లలో చాలామందికి సినిమా ఘోరంగా ఉందని కాదు, మెత్తబడిందని అసంతృప్తి. దీనికి బలమైన కారణమే ఉంది. సినిమాలో బిగ్ డాడీ ఒకప్పుడు నిజాయితీగల పోలీసు. మాఫియా నాయకుడు అతణ్ణి అన్యాయంగా జైలుకు పంపాడు, భార్య చనిపోయింది, అందుకే కూతురిని ఆయుధంలా పెంచాడు. కామిక్‌లో కూడా ముందు ఇదే చెబుతాడు, చివరికి అదంతా అబద్ధమని తేలుతుంది. వాడొక అకౌంటెంట్. కామిక్‌ల పిచ్చి. సాదాసీదా బతుకు నచ్చక భార్యను వదిలి, పిల్లను ఎత్తుకొచ్చేశాడు. కథకు విలన్ ఉండాలి కాబట్టి ఒక విలన్‌ను వెతుక్కున్నాడు. దాచుకున్న పాత కామిక్‌లు అమ్మి ఖర్చులు గడిపాడు.

ఈ ఒక్క మార్పుతో కథ తలకిందులైంది. కామిక్‌లో ఆ తండ్రి నేరస్తుడు, పిల్ల బాల్యం అతని పిచ్చికి బలి. చదివేవాడు అప్పటిదాకా ఆ పోరాటాలు చూసి పొందిన ఆనందం కూడా ఆ పిచ్చిలో భాగమేనని పుస్తకం చివర్లో చెంప మీద కొట్టి చెబుతుంది. సినిమాలో అది పగ అయిపోయింది. పగ మనకు బాగా అలవాటైన బాట. తండ్రికి అన్యాయం జరిగింది, బిడ్డ బదులు తీర్చుకుంది అంటే తెలుగు ప్రేక్షకుడు ఇంకో ప్రశ్న అడగడు, ఈల వేస్తాడు. సినిమా నచ్చిన చాలామందికి నచ్చింది ఈ పగ కథే. కామిక్ అడిగిన ప్రశ్న వాళ్లదాకా రానే లేదు. అనుసరణలో జరిగిన అసలు నష్టం ఇక్కడుంది. నెత్తురు తగ్గించలేదు, ఆ నెత్తురుకు జవాబు చెప్పాల్సినవాణ్ణి మాత్రం మంచివాణ్ణి చేసేశారు.

వ్యతిరేకించినవాళ్లలో అందరికన్నా పేరున్నవాడు అమెరికన్ విమర్శకుడు రోజర్ ఈబర్ట్. ఒకే ఒక్క స్టార్ ఇచ్చాడు. నైతికంగా నీచమైన సినిమా అనే అర్థం వచ్చేలా రాశాడు. ఆయన బాధ ప్రధానంగా ఒక చిన్నపిల్ల మీద, ఒక పెద్ద మగవాడు ఆమెను చితకబాదే చివరి పోరాటం మీద. దీనికి అభిమానులు చెప్పే జవాబు ఎప్పుడూ ఒక్కటే, “ఇది కామిక్ కదా, సీరియస్‌గా తీసుకుంటారేంటి”. ఈ జవాబులో పెద్ద లోపం ఉంది. బొమ్మకు వయసు లేదు. రొమిటా గీసిన పిల్ల సిరా గీతలతో అయింది, ఆమె ముక్కునుంచి కారేది ఎర్ర రంగు. తెర మీద ఉన్నది క్లోయీ గ్రేస్ మొరెట్జ్ అనే నిజమైన బిడ్డ. షూటింగ్ మొదలైనప్పుడు ఆమెకు పదకొండేళ్లు. బ్రిటన్‌లో ఈ సినిమాకు పదిహేనేళ్లు నిండినవాళ్లకే ప్రవేశం. విడుదలనాటికి ఆ పిల్లకు పదమూడేళ్లు, అక్కడ తన సినిమాకు తనే టికెట్ కొనుక్కోలేదు. చూడలేకపోయినవాళ్లు పాత్రను దాటి ఆ బిడ్డను చూశారు. అది ఎంతమాత్రం తప్పు చూపు కాదు. నిజానికి ఈ సినిమాకు వ్యతిరేకంగా చెప్పగలిగిన వాటిలో అన్నిటికన్నా గట్టి మాట ఇదే, దీనికి సరైన జవాబు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

కాలం సంగతి కూడా ఉంది. పుస్తకంలో ఒక గడి మీద ఎంతసేపు ఉండాలన్నది చదివేవాడి ఇష్టం. నచ్చకపోతే కన్ను జారిపోతుంది. సినిమాలో ఆ గడియారం దర్శకుడి చేతిలో ఉంటుంది. అలాన్ మూర్, డేవ్ గిబ్బన్స్‌ల ‘వాచ్‌మెన్’ కామిక్‌ను 2009లో జాక్ స్నైడర్ సినిమాగా తీసినప్పుడు చాలా గడులను ఉన్నవి ఉన్నట్టు తెరకెక్కించాడు. కొట్లాటలకు వచ్చేసరికి మాత్రం ఎముకలు చర్మం చీల్చుకుని బయటికొచ్చేదాకా సాగదీశాడు. బొమ్మలు అవే, నెత్తురు చూసే వ్యవధి పెరిగింది. మూర్ ఆ సినిమాలో తన పేరే వద్దన్నాడు.

చూసేవాళ్ల బతుకులో అప్పటికే ఏముందన్నది మిగిలిన సగం. 2012 డిసెంబర్‌లో అమెరికాలోని శాండీ హుక్ బడిలో ఒక దుండగుడు 20 మంది పిల్లల్ని, ఆరుగురు సిబ్బందిని కాల్చి చంపాడు. దానికి కొద్ది ముందే ‘కిక్ యాస్ 2’లో నటించిన జిమ్ క్యారీ, 2013లో సినిమా విడుదలకు ముందు, ఇంతటి హింసను తాను ఇక సమర్థించలేనని ప్రకటించాడు. నటించినందుకు సిగ్గుపడటం లేదని, ఈలోగా జరిగినవి తన మనసు మార్చాయని అన్నాడు. మిల్లర్ దానికి జవాబుగా, తన కథ హింస వల్ల వచ్చే పర్యవసానాల గురించేనని వాదించాడు. సినిమాలో ఒక్క ఫ్రేమ్ మారలేదు. చూసే కన్ను మారింది.

ఈ మాట ఉత్తర తెలంగాణలో విడమరచి చెప్పక్కర్లేదు. 1980లో పీపుల్స్‌వార్ పుట్టాక రెండున్నర దశాబ్దాల పాటు ఇక్కడి ఊళ్లకు తుపాకి తెర మీది వస్తువు కాదు. రాత్రి తలుపు చప్పుడు, తెల్లారి పేపర్‌లో ఎన్‌కౌంటర్ వార్త, పేరు తెలియని శవం మనవాడిదేనేమోనని మార్చురీ దగ్గర నిలబడ్డ తల్లులు, ఇన్‌ఫార్మర్ అన్న ముద్రతో ప్రాణం పోయిన మనుషులు. యాభై దాటిన వాళ్లకు ఇవి జ్ఞాపకాలు. వాళ్ల పిల్లలకు విన్న కథలు. మనవలకు అవి కూడా లేవు. ఒకే ఇంట్లో ఒకే సోఫాలో కూర్చుని తూటా చప్పుడు వింటే తాతకు వినిపించేది, మనవడికి వినిపించేది ఒకటెట్లా అవుతుంది? తాత లేచి వెళ్లిపోతే దాన్ని తరాల మధ్య అభిరుచి తేడా అని తేలిగ్గా అనుకుంటారు. ఆయన లేచింది సినిమా నచ్చక కాకపోవచ్చు.

సర్టిఫికెట్లు ఇందులో చేయగలిగింది కొంతే. 2023 సవరణ తర్వాత మన దేశంలో యూఏను ఏడు, పదమూడు, పదహారేళ్లకు వేర్వేరుగా విడగొట్టారు. తల్లిదండ్రులకు అది కాస్త ఆసరా. ఏ వయసువాళ్లు చూడొచ్చో ఆ అంకె చెబుతుంది. పదకొండేళ్ల పిల్లతో తీసినదాన్ని పెద్దవాళ్లు చూడొచ్చా, చూస్తే నవ్వొచ్చా అన్న ప్రశ్న దాని పరిధిలో లేదు. పైగా ఇలాంటి సినిమాలు ఇప్పుడు ఎక్కువగా చూసేది ఫోన్లలో. అక్కడ టికెట్ చింపే మనిషి ఉండడు.

కామిక్‌లో చివరి పోరాటం అయిపోయాక ఒక గడి ఉంది. చుట్టూ శవాలు, పిల్ల ఒళ్లంతా నెత్తురు. హీరో కుర్రాడి వైపు తిరిగి, ఒకసారి దగ్గరికి తీసుకోమని అడుగుతుంది. మా నాన్న ఇప్పుడే చనిపోయాడు అంటుంది. అప్పటిదాకా బూతులు, కత్తులు తప్ప ఏమీ లేని పిల్ల ఆ ఒక్క గడిలో పదేళ్ల పిల్ల అవుతుంది. దాని పక్కన తెల్లటి సందు ఉంది. చదివేవాడు తర్వాతి గడికి పోకుండా ఎంతసేపైనా అక్కడే ఉండొచ్చు.